కుడివైపు అద్దం

నా భయాలన్నిటిలోకీ పెద్దది ఇది: నేను పిలుస్తాను, నా బిడ్డకు వినబడదు.

పోయిన వారం మీకు చెబుతూ, ఆదివారం చర్చిలో ఆ భయం పుట్టిన చోటనే ఆగాను. గంట మోగగానే ఒళ్ళో పిల్లలున్న తల్లులందరి చేతుల్లోనూ పిల్లలు ఉలిక్కిపడ్డారు. నా సెలా మాత్రం నా చీర అంచు నోట్లో పెట్టుకుని చప్పరిస్తూనే ఉంది. పక్కన కూర్చున్న మా అత్త జ్ఞానమణి అది చూసింది. ప్రార్థన అయ్యాక మెట్లు దిగేటప్పుడు నా మోచెయ్యి పట్టుకుని, "అమ్మీ, బిడ్డ చెవులు ఒకసారి చూపించల్ల" అంది. సోమవారానికి డాక్టరు దగ్గర పేరు రాయించుకుని వచ్చాం. అప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు.

ఈ కథలోకి ఇప్పుడే వచ్చినవాళ్ళకు మా సంగతి కాస్త చెప్పాలి. నా భర్త ఏసుకుమార్ ‘నాపరాయి’ అనే బ్యాండులో గిటారు వాయిస్తాడు. వాళ్ళ మొదటి ఆల్బం ‘నీడపట్టు’లో అన్నీ మెత్తని పాటలు. కర్నూలు ఆటోల్లో, కాలేజీ హాస్టళ్ళలో, పెళ్ళి వీడియోల వెనక కూడా అవే మోగేవి. నేను ఇంటర్ మధ్యలో ఆపేసి ఇతని చెయ్యి పట్టుకున్నది కూడా ఆ పాటల్లో ఒకటి వినే. మా అమ్మ ఇప్పటికీ ఆ మాట నమ్మదు.

రెండో ఆల్బం ‘తూటా’ అట్లాంటిది కాదు. క్వారీలో బండ పగలగొట్టడానికి పెట్టే మందుగుండు పేరు దానికి పెట్టారు. పేరుకు తగ్గట్టే ఉంటుంది. గిటారు మీద గిటారు, దాని మీద ఇంకో గిటారు. వింటుంటే పళ్ళ చిగుళ్ళు జిల్లుమంటాయి. ఊరి బయట మూతబడ్డ బండల పాలిష్ షెడ్డులో దాన్ని రికార్డు చేశారు. వాళ్ళందరికీ అన్నం వండి తీసుకుపోయేది నేను, నా చంకలో సెలా. షెడ్డు మూలన పాత మేనేజరు కూర్చునే అద్దాల గది ఉంది. అందులో పాపకు ఉయ్యాల కట్టించింది ఏసుకుమారే. తలుపు మూస్తే చప్పుడు రాదన్నాడు. రాకుండా ఎట్లా ఉంటుంది? అద్దం మీద చెయ్యి పెడితే అరచేతికి అదురు తెలిసేది.

ఆ చప్పుడే నా బిడ్డ చెవులను తినేసిందని నా అనుమానం.

ఊళ్ళో పిల్లలకు మాత్రం ఆ ఆల్బమంటే పిచ్చి. వీడియోలో ఏసుకుమార్ మైకు స్టాండుకు బండి అద్దం ఒకటి బిగించుకుని కనిపిస్తాడు. అది చూసి కర్నూల్లో ఎంతమంది నాయనల బండ్లకు అద్దాలు మాయమయ్యాయో లెక్కలేదు. మా బండికి కూడా కుడివైపు అద్దం లేదు. స్టాండుకు బిగించింది అదే. ఫ్యాషను కోసమని నేనూ నవ్వి ఊరుకున్నాను.

శనివారం పొద్దున. సాయంత్రం కడపలో ‘తూటా’ పాటలు మొదటిసారి జనం ముందు వాయించాలి. నేను పలావుకు ఉల్లిపాయలు తరుగుతున్నాను. చేతులు పని మీద ఉన్నా మనసంతా సోమవారం మీదే ఉంది. ఆగలేక లేచి స్టీలు పళ్ళెం, గరిటె తీసుకున్నాను.

"పళ్ళెం వద్దమ్మీ" అంది అత్త. "పళ్ళెం కొడితే గాలి తగిలి కూడా బిడ్డ తిరుగుతాది. మువ్వల పట్టీలు తీస్కో. ఎనకమాల నిలబడు. నీ నీడ ముందర పడకుండ చూస్కో."

"నీకెట్ల తెలుసు అత్తా?"

"మన చర్చిలో ఎంతమంది బిడ్డలను చూసినా నేను! పాటలు నేర్పించల్లంటే ముందు చెవులు చూసుకోవల్ల కదా."

మా అమ్మ రాయచోటి నుంచి తెచ్చిన వెండి పట్టీలు గుప్పిట్లో మూసుకుని ముందు గదిలోకి పోయాను. కిటికీ కింద చాప మీద ఏసుకుమార్ గిటారు ఒళ్ళో పెట్టుకుని తీగలు సవరిస్తున్నాడు. పాప అతనికి ఎడమ పక్కన దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. ఇద్దరి వీపులూ నా వైపే. నేను గడప దగ్గర నిలబడి, ఊపిరి బిగబట్టి, గుప్పిలి విప్పి పట్టీలు ఆడించాను.

సెలా తిరిగింది.

తల మొత్తం తిప్పి, నన్ను చూసి, నోరు తెరిచి నవ్వింది. నేను ఇంకో పక్కకు జరిగి మళ్ళీ ఆడించాను. మళ్ళీ తిరిగింది. చెయ్యి చాపి పట్టీలు ఇవ్వమని అడిగింది.

"అత్తా! వింటాండాది! అత్తా!"

అత్త తడిచేతులతోనే పరుగెత్తుకొచ్చి పాపను ఎత్తుకుని, నుదురంతా ముద్దులు పెట్టి, "స్తోత్రం తండ్రీ, స్తోత్రం" అంటూ పక్కింటి నాగలక్ష్మమ్మకు చెప్పడానికి బయటికి నడిచింది. నేను గోడకు ఆనుకున్నాను. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

అప్పుడు తెలిసింది, నాతో పాటు నవ్వాల్సిన మనిషి ఇంకా నవ్వలేదని.

పక్కన పాప లేకపోవడం చూసుకుని ఏసుకుమార్ అప్పుడే ఉలిక్కిపడినట్టు వెనక్కి తిరిగాడు. "పాపేదీ?" అన్నాడు.

పట్టీల మోత గడప దాటి వంటింట్లో అత్తకు వినబడి ఉంటుంది. నేను కేక వేశాను. అత్త స్తోత్రం అంటూ అతని నెత్తిన నిలబడి పాపను ఎత్తుకుపోయింది. ఇతను పాపేదీ అంటున్నాడు.

అతను మళ్ళీ తీగల వైపు తల వంచాక, చెప్పులు లేని కాళ్ళతో మెల్లగా పోయి అతని కుడి చెవి వెనక, వెంట్రుకలకు తగలకుండా పట్టీలు పట్టుకున్నాను. ఆడించాను. గట్టిగా ఆడించాను. నా మణికట్టు నొప్పి పుట్టేదాకా.

అతను తీగ మెలిపెడుతూనే ఉన్నాడు.

నేను ముందుకొచ్చి చాప మీద ఎదురుగా కూర్చున్నాను. నా చేతిలో పట్టీలు చూశాడు. నా ముఖం చూశాడు.

"ఎప్పటి నుంచి?" అన్నాను.

"ఏంది ఎప్పటి నుంచి?"

"నీ కుడిపక్క ఇప్పుడు ఏం మోగించినానో చెప్పు."

గిటారు పక్కన పెట్టాడు.

"తూటా పాట చేసిన నాడు" అన్నాడు. "భూపేష్ డ్రమ్ములు నా కుడిపక్క ఎనకాలే కదా ఉంటాయి. కొడతా కొడతా ఉండె. ఉన్నట్టుండి ఆ పక్క గమ్మునైపోయింది. కరెంటు పోయిందనుకున్యా మహిమా. తిరిగి చూస్తే వాడు కొడతానే ఉండాడు."

"ఎడమది?"

"ఆనుకుని మాట్లాడితే వినపడతాది. కానీ దాంట్లో ఎప్పుడూ సుయ్యిమని ఒకటే మోత, కుక్కరు ఆవిరి పోతాన్నట్టు. మిగతా చప్పుళ్ళన్నీ దాని కింద మునిగిపోతాయి. ఎదురుగా ఉండి మాట్లాడితే నోరు చూసి తెలుసుకుంటా."

నేను పిలిస్తే పలకని రోజులన్నీ కళ్ళముందు తిరిగాయి. కుక్కరు మాడిపోయిందని నేను అరిచిన రోజు. రికార్డింగ్ అబ్బాయి చెవులు మూసుకుంటుంటే, ఇంకా మసకగా ఉండాది, పదును పెంచు అని ఇతను గద్దించిన రోజు. అందరూ దాన్ని కొత్త పంథా అన్నారు.

"డాక్టరుకు చూపించినావా?"

"చూపిస్తే ఏమంటాడు? వాయించొద్దంటాడు."

"మళ్ల షెడ్డులో ఎట్ల వాయించినావయ్యా? ఎంత పెంచల్లో, ఎంత తగ్గించల్లో నీకెట్ల తెలిసె?"

బయట నాగలక్ష్మమ్మ ఇంటి ముందు అత్త చంకలో ఉన్న పాప వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. షెడ్డులో గిటారు చప్పుడు పెంచే యాంపు మీద చెయ్యి వేసే ప్రతిసారీ అద్దాల గది వైపు అట్లాగే చూసేవాడు. బిడ్డ మీద ప్రేమ అనుకుని నేను ఎంత మురిసిపోయానో!

"ఉయ్యాల" అన్నాను. "ఉయ్యాల నీ కండ్లకు ఎదురుగా కట్టమని ఎందుకన్నావు?"

"మహిమా..."

"చెప్పు."

"మొదట్లో చప్పుడు ఎక్కువైతే ఉలిక్కిపడేది. రెండు చేతులూ పైకి లేపేది. అది చూసి తగ్గించేవాణ్ణి. నిజం, తగ్గించేవాణ్ణి."

"తర్వాత?"

"తర్వాత ఉలిక్కిపడటం మానేసింది. చప్పుడు తగ్గిపోయిందేమో అనుకున్యా. పెంచినా. మళ్ల మానేసింది. మళ్ల పెంచినా."

నా బిడ్డ చప్పుడుకు అలవాటు పడిపోయింది. అందుకే చర్చి గంటకు కదలలేదు, దాని లెక్కలో అది చప్పుడే కాదు. అది ఉలిక్కిపడటం మానేసిన కొద్దీ ఇతను పెంచాడు. ఇతను పెంచితే మిగిలినవాళ్ళు పెంచారు. అది వాళ్ళకు చర్చిలో అబ్బిన అలవాటు. మా ఊరి చర్చిలో ముందు నిలబడి పాడేవాళ్ళు గొంతు ఎత్తితే వెనకవాళ్ళందరూ ఎత్తాలి. తప్పుగా ఎత్తినా సరే, ముందున్నవాళ్ళను దించకూడదు. అత్త నేర్పించిన పద్ధతే అది. ఆ పాటల గుంపులోంచే వచ్చారు ఏసుకుమార్, అదే బ్యాండులోని జయరాజ్ ఇద్దరూ. వాళ్ళను చూసి భూపేష్ నేర్చుకున్నాడు. ‘తూటా’ పుట్టింది అట్లా. జనం ధైర్యం అంటున్నది దాన్నే.

"ముల్లు చూసినట్టు చూసినావా నా బిడ్డను?" అన్నాను. "తూకం మిషను మీద ముల్లులాగా? అది ఈ పొద్దు తిరగకపోయుంటే ఏం చేసుండేవాడివి? చెప్పు, ఏం చేసుండేవాడివి?"

"చచ్చిపోయుండేవాణ్ణి."

"ఆ మాట అనొద్దు. నాకు ఉండే భయాలు చాలు."

నా చెయ్యి పట్టుకోబోయాడు. వెనక్కి లాక్కున్నాను. అప్పుడే వాకిట్లో వ్యాను ఆగింది.

"వదినా! నీ పలావు వాసన కొత్త బస్టాండు దాకా వస్తాండాది!" భూపేష్ గొంతు. కర్నూల్లో ఎరువుల అంగడి ఉన్న కోమట్ల పిల్లవాడు. ఇంట్లో కోడిగుడ్డు పేరెత్తినా ఒప్పుకోరు. "నా డబ్బాలో ముక్కలు ఎక్కువెయ్యి. మా నాయనమ్మకు తెలిస్తే నన్ను తుంగభద్రలో ముంచి ఉతుకుతాది, అది వేరే సంగతి."

నేను కళ్ళు తుడుచుకుని లేచాను. భూపేష్ లోపలికొచ్చి, గిటారు సంచిలో పెడుతున్న ఏసుకుమార్ వెనక నిలబడ్డాడు. "ఏమప్పా, సామాన్లన్నీ ఎక్కించినాం. స్టాండు, దాని అద్దం, అన్నీ. పోదామా?"

ఏసుకుమార్ జిప్పు లాగుతూనే ఉన్నాడు.

"చూసినావా వదినా? రొండు వీడియోలు వచ్చినాయో లేదో పలకడం మానేసినాడు నీ మొగుడు. రేపు మనల్ను గుర్తుపడతాడో లేదో!"

"భూపేష్" అన్నాను.

"చెప్పు వదినా."

ఏసుకుమార్ అప్పుడు తిరిగాడు. అతని కళ్ళు నా పెదాల మీద ఆగాయి. నేను ఏ అక్షరం పలకబోతున్నానో చూడటానికి కాచుకుని ఉన్నాడు. వీధి చివర ఆటోలో ‘తూటా’ మోగుతోంది. ఎవరో పిల్లలు వ్యాను చుట్టూ చేరి సెల్‌ఫోన్లలో ఫోటోలు తీసుకుంటున్నారు. ఇవాళ నేను నోరు తెరిస్తే ఈ మనిషికి రేపు ఏమీ మిగలదు. తెరవకపోతే?

"నీళ్ళ క్యాను పెట్టుకున్నారా? ఎండ శానా ఉండాది" అన్నాను.

ఏసుకుమార్ భుజాలు కిందికి దిగాయి. "మీరు పోతాండండి" అన్నాడు భూపేష్‌తో. "నేను బండి మీద వస్తా. మైదుకూరు దాటినాక టీ అంగడి కాడ కలుసుకుందాం."

"వ్యానులో చోటుండాది కదప్పా!"

"వస్తాలే పో."

వ్యాను కదిలాక అడిగాను, "వాళ్ళతో ఎందుకు పోలే?"

"వ్యానులో అందరూ ఎనక నుంచి, పక్క నుంచి మాట్లాడతారు. ఎన్ని నోర్లని చూడను?"

"బస్సులో పో అయితే."

"బస్సులో కండక్టరు కూడా ఎనక నుంచే అడుగుతాడు." నవ్వబోయి ఆగిపోయాడు. "ఈ ఒక్క పొద్దు మహిమా. సోమవారం పాపతో పాటు నన్నూ చూపించు. డాక్టరు వద్దంటే గిటారు అమ్మేస్తా. ఒట్టు."

అత్త చంకలోంచి పాపను తీసుకుని ముద్దు పెట్టుకున్నాడు. సెలా అతని కుడి చెవి పట్టుకుని లాగింది. హెల్మెట్ పెట్టుకుని, నల్లటి గిటారు సంచి వీపున వేసుకుని బండి తీశాడు.

వీధి మలుపులో నీళ్ళ ట్యాంకరు ఒకటి కుడివైపు నుంచి హారన్ కొడుతూ వచ్చింది. మా అరుగు మీద కుక్క లేచి పక్కకు పోయింది. ఏసుకుమార్ జరగలేదు. ట్యాంకరువాడే బ్రేకు వేసి, పక్కకు కోసుకుని, తల బయట పెట్టి తిట్టుకుంటూ పోయాడు. ఆ తిట్టు కూడా ఇతనికి చేరలేదు. నేరుగా పోయాడు.

అప్పుడు బండి హ్యాండిల్ మీద నా చూపు పడింది. కుడివైపు అద్దం ఉండాల్సిన చోట ఉత్త బోల్టు.

అది ఫ్యాషను కాదు. వెనక డ్రమ్ముల మీద భూపేష్ చేతులు ఎప్పుడు లేస్తున్నాయో, ఎప్పుడు పడుతున్నాయో చూసుకోవడానికి దాన్ని స్టాండుకు బిగించుకున్నాడు. స్టేజి మీద అతని చెవి ఆ అద్దమే. అదిప్పుడు వ్యానులో పోతోంది. లారీలు పోయే రోడ్డు మీద కుడి చెవి లేదు, కుడి అద్దమూ లేదు.

"కుమారూ!" అని అరిచాను. పాప ఉలిక్కిపడి ఏడుపందుకుంది. వీధిలో అందరూ తిరిగి చూశారు. అతను తప్ప.

తర్వాత ఎన్నిసార్లు ఫోన్ చేశానో. రింగవుతుంది, ఆగిపోతుంది. జేబులో అదురుతున్నట్టయినా తెలియదా అని మళ్ళీ చేస్తాను. అత్త ఏమైందని అడిగింది. చెప్పాను. పోయి గోడకున్న బైబిలు సంచి దింపుకుని, తెరవకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "నేనే నేర్పించినా వాళ్ళకు, ముందున్నోణ్ణి దించొద్దని" అంది.

మధ్యాహ్నం ఎండ గడపలోకి వచ్చిన వేళ భూపేష్ ఫోన్ చేశాడు.

"వదినా, మేం టీ అంగడి కాడ ఉండాం. నీ మొగునికి చెప్పు, మమ్మల్ను ఇట్ల కూర్చోబెట్టడం బాగలేదని."

"అంటే ఇంకా రాలేదా?"

"మాకన్నా ముందే ఉండల్ల వదినా! ఆళ్ళగడ్డ కాడ మమ్మల్ను దాటుకుని పోయినాడు. హారన్ కొట్టినాం, జయరాజ్ తల బయటపెట్టి పేరు పెట్టి పిలిచినాడు. తిరిగి కూడా చూడలే. పొగరెక్కిందిరా వీనికి అని నవ్వుకున్యాం. ఈడికొచ్చి చూస్తే లేడు. దారిలో యాడా కనపడలే."

నేను చెప్పేశాను. కుడి చెవి, ఎడమ చెవిలో మోత, ఉయ్యాల, అన్నీ. అవతల వ్యాను తలుపు తెరిచిన చప్పుడు వినబడింది.

"వదినా" అన్నాడు. ఆ గొంతులో ఎగతాళి లేదు. "ఈ అద్దం... స్టాండు నుంచి ఊడిపోతాందని దారి పొడుగునా నా ఒళ్ళోనే పెట్టుకున్యా. ఇది ఫ్యాషను కాదా?"

"కాదు భూపేష్."

"ఎనక్కి తిప్పుతాండాం" అని ఫోన్ పెట్టేశాడు.

నేను పాపను భుజాన వేసుకుని, చేతికందిన చీర చుట్టుకుని బస్టాండుకు బయల్దేరుతున్నాను. ఇక్కడి నుంచి అక్కడికి పోయేసరికి ఎంత పొద్దుపోతుందో తెలియదు.

మీలో ఎవరైనా ఈ పూట ఆళ్ళగడ్డ నుంచి కడప వైపు పోతుంటే ఒక్క పని చేసిపెట్టండి. వీపున నల్ల గిటారు సంచి, కుడివైపు అద్దం లేని బండి. కనబడితే వెనక నుంచి హారన్ కొట్టకండి. పిలిస్తే పలకలేదని పొగరనుకుని దాటిపోకండి. ముందుకు పోయి, మీ ముఖం అతనికి కనబడేటట్టు ఆగండి. బండి ఒక పక్కన, మనిషి ఒక పక్కన కనబడితే మాత్రం దిగండి. ఎడమవైపు కూర్చోండి. దగ్గరగా వంగి, బాగున్నావా అని నా బదులు అడగండి.